పాట రాసుకున్నాం, కలుపు రాసుకోలేదు

నిరుడు తొలకరి పడ్డాక, కరీంనగర్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి వెనక కాస్త మట్టి జాగాలో ఏవేవో మొలిచాయి. ఎవరూ వేసినవి కావు. ఒక ఆదివారం కూర్చుని అన్నీ పీకేశాను. చూడ్డానికి బాగుందనిపించిన ఒక్క మొక్కను మాత్రం ఉంచాను. దాని ఆకు చామంతి ఆకులా చీలి చీలి ఉంది. ఏదో పూలమొక్క అయ్యుంటుందనుకున్నాను. మర్నాడు పొద్దున ఊరి నుంచి మా అవ్వ వచ్చింది. (మా వైపు చాలా ఇళ్లల్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం.) చేతిసంచి దించకముందే వెనక్కి పోయి, గోడ పక్కన నేను కుప్పేసిన మొలకల్ని వంగి ఒక్కొక్కటే ఏరింది.

"గిది పాయిలికూర. గిది తోటకూర. గివి రెండు గునుగు. గిది సీతాఫలం మొల్క బిడ్డా, గింజ పెంకు ఇంక నెత్తిమీదనే ఉన్నది సూడు. తినేటియన్ని పీకి గీ వయ్యారిభామను దాశిపెట్టుకున్నవా?"

నేను ముచ్చటపడి ఉంచుకున్నది వయ్యారిభామ. 1950ల మధ్యలో పుణే దగ్గర గుర్తించినప్పటి నుంచీ దేశమంతా పాకిన మొక్క. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. చర్మం మీద దద్దుర్లు, ఉబ్బసం తెస్తుంది. దాన్ని చేతులతో పీకి ఆ దురద అనుభవించేది ఎక్కువగా ఆడవాళ్లే. పేరు పెట్టినవాళ్లు మాత్రం దానికి ఆడదాని పేరే పెట్టారు. అందంగా ఉండి హాని చేసేదానికి ఆడపేరు పెట్టడం మన భాషకు కొత్త కాదు గనక దాని మీద ఎక్కువ మాట్లాడను. నేను ఆ అందానికే పడిపోయాను కూడా కదా!

అసలు సంగతి వేరే ఉంది. నాకు సాహిత్యంలో డాక్టరేట్ ఉంది. నా సిద్ధాంత గ్రంథంలో శ్రమగేయాల మీద ఒక అధ్యాయం ఉంది. అందులో సగానికి పైగా కలుపు పాటలే. అవన్నీ జగిత్యాల వైపు మా ఊరి చెలకల్లో, మా అవ్వ మునుంలోని ఆడవాళ్ల దగ్గర రికార్డు చేసుకున్నవి. కలుపు పాటలో స్త్రీ తన దుఃఖాన్ని ఎట్లా బదిలీ చేసుకుంటుందో, అత్తింటి హింసను ఎట్లా వ్యంగ్యంగా చెప్తుందో పేజీలకు పేజీలు రాశాను. ఆ పాట పాడుతూ ఆ చేతులు ఏం పీకాయో, ఏం ఉంచాయో ఒక్క వాక్యం రాయలేదు. పీకిన మొలకల కుప్ప ముందు అవ్వ నిలబడ్డ రోజు రాత్రి ఆ పాత రికార్డింగులు మళ్లీ విన్నాను. ప్రతి పాట చివరా ఒకే రకంగా ఉంది. పాట ఆగుతుంది, ఎవరో "అగ్గో, అది ముట్టకు, అది..." అంటారు, అక్కడ టక్కున ఆగిపోతుంది. ఆపింది నేనే. పాట అయిపోగానే మీట నొక్కేసేదాన్ని. మిగిలింది అనవసరపు మాటలు అనుకున్నాను.

నన్ను నేను ఒక్కదాన్నే తిట్టుకోవడం కూడా న్యాయం కాదు. మన జానపద సాహిత్య పరిశోధన మొదటి నుంచీ ఆ మీటను అక్కడే నొక్కింది. 1950ల్లో బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసినప్పుడు, చదువురాని ఆడవాళ్ల నోటిలో ఉన్నది సాహిత్యమేనని విశ్వవిద్యాలయం చేత ఒప్పించడమే పెద్ద పని. ఆ దారి ఆయన వేయకపోతే నా అధ్యాయం లేదు. కానీ ఆ దారిలో వచ్చిన మేమంతా పనిని పాటకు సందర్భంగా మాత్రమే చూశాం. "కలుపు తీస్తూ పాడేది" అని ఒక వర్గీకరణ, అంతే. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చి, సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు తమ మాటల్లో తాము చెప్పుకుంటే చరిత్ర ఎంత మారుతుందో చూపించింది. దాన్ని చదివే మేం మౌఖిక చరిత్ర అంటే ఏమిటో నేర్చుకున్నాం. అయినా ఆమెకు ఏం జరిగింది అని అడగడం వచ్చినంత సులువుగా ఆమెకు ఏం తెలుసు అని అడగడం మాకు రాలేదు.

ఆమెకు తెలిసింది ఏమిటో చెప్పాలంటే చేనులో పని ఎట్లా పంచుకుంటారో ముందు చెప్పాలి. మక్క చేనైనా పత్తి చేనైనా రెండు సాళ్ల నడుమ ఉన్న గడ్డిని గుంటుక తీస్తుంది. గుంటుక ఎడ్లది, ఎడ్లు మగవాళ్లవి. సాళ్ల నడుమ ఏది మొలిచినా కోసేయడమే, గుర్తుపట్టాల్సిన పని లేదు. కష్టమంతా సాలులోనే, పైరు మొక్కకు బెత్తెడు దూరంలో. అక్కడికి గుంటుక రాదు, చెయ్యి రావాలి. అక్కడ తప్పు పీకితే పైరే పోతుంది. మొక్క అప్పటికి రెండాకులో మూడాకులో. పువ్వు లేదు, కాయ లేదు. వృక్షశాస్త్రం పుస్తకాల్లో మొక్కను గుర్తుపట్టే పద్ధతులన్నీ దాదాపుగా పువ్వుతోనే మొదలవుతాయి. మా అవ్వకు అంత తీరిక లేదు, వంగిన నడుంతో, కదిలిపోయే మునుంలో, క్షణంలో తేల్చుకోవాలి. కానీ కూలి లెక్క దగ్గరికొచ్చేసరికి గుర్తుపట్టనక్కర్లేని పనికి ఎక్కువ, గుర్తుపట్టాల్సిన పనికి తక్కువ. మొదటిది నైపుణ్యం, రెండోది ఒట్టి కూలి. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఒకే పనికి ఆడామగా తేడా చూపొద్దని అది చెప్పింది. పనినే ఆడపని, మగపని అని చీల్చి పెట్టుకున్న చోట ఆ చట్టానికి పట్టు దొరకలేదు.

డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్టర్ బోసరప్ 1970లో రాసిన పుస్తకంలో, నాగలి వచ్చిన చోట వ్యవసాయం మగవాళ్ల చేతికి పోయిందని, చేతి పారతో చేసే చోట స్త్రీల పాత్ర ఎక్కువని వాదించింది. నాగలి దున్నితే కలుపు తగ్గుతుంది, కలుపు తగ్గితే ఆడవాళ్ల పని తగ్గుతుంది అన్నది ఆ వాదంలో ఒక మెట్టు. ఆమెను గౌరవిస్తూనే అంటున్నాను, మా చెలకలను చూస్తే అది సగమే కుదురుతుంది. ఇక్కడ నాగలి ఉంది, గుంటుక ఉంది, వాటి వెనక వంగిన ఆడవాళ్ల వరస కూడా ఉంది.

వరి పొలం సంగతి ఇంకా విచిత్రం. వరిలో మొలిచే ఊద అచ్చం వరిలాగే ఉంటుంది. నారులోనే కలిసి వచ్చి, నాటులో మన చేత్తోనే నాటించుకుంటుంది. "వరికి చెవులుంటయి, ఊదకు ఉండయి" అంటుంది అవ్వ. నిజమే. వరి ఆకు కాండాన్ని పట్టుకునే చోట పల్చటి పొర ఒకటి, రెండు పక్కలా చిన్న చెవుల్లాంటి కొసలు ఉంటాయి. ఊదకు ఆ చోట నున్నగా ఉంటుంది. వ్యవసాయ కళాశాలల్లో కూడా ఇదే తేడా నేర్పుతారు.

ఊద వరిలా ఎందుకు ఉంది? నికొలాయ్ వావిలోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త (1943లో స్టాలిన్ కాలపు జైల్లో ఆకలితో పోయాడు) ఈ అనుకరణ గురించి చాలా ఆలోచించాడు. ఏరివేసే మనిషి కంటికి పైరులా కనబడిన కలుపే బతుకుతుంది, దాని విత్తులే మిగులుతాయి. తరాలు గడిచేకొద్దీ కలుపు పైరులా మారుతుంది. ఇది ఊహ కాదని 2019లో తేలింది. చైనాలో యాంగ్జీ నది ప్రాంతపు ఊద మొక్కల జన్యువులను చదివిన శాస్త్రవేత్తలు, అడ్డంగా పరుచుకునే ఊద నుంచి వరిలా నిలువుగా పెరిగే ఊద విడివడి సుమారు వెయ్యేళ్లు అయిందని చెప్పారు. అక్కడ వరి సాగు విస్తరించిన కాలం అదే. అడ్డంగా పెరిగినవి కంటికి దొరికి పోయాయి, నిలువుగా పెరిగినవి తప్పించుకున్నాయి.

ఇది చదివిన రోజు నాకు కాసేపు ఏం తోచలేదు. శాసనాల్లో లేరు, రెవెన్యూ లెక్కల్లో లేరు, కావ్యాల్లో ఉంటే ప్రియుడి కోసం ఎదురుచూసే హాలిక వధువులుగా ఉన్నారు. గాథాసప్తశతిలో పత్తిచేలు ఎక్కువగా సంకేత స్థలాలు. ఆ గాథల హాలుడు శాతవాహన రాజని చెప్తారు. మా జిల్లా కోటిలింగాల కూడా శాతవాహనుల చోటే. అన్నిచోట్లా లేకుండా పోయిన ఆ చూపు ఒక గడ్డి మొక్క జన్యువులో నమోదై ఉంది. కంటి ముందు నుంచి తప్పించుకోవడానికి ఒక మొక్క తన ఆకారమే మార్చుకోవలసి వచ్చిందంటే ఆ కన్ను ఎంత నిశితమైనదై ఉండాలి? చైనా పొలాల్లో ఏరినవాళ్లందరూ ఆడవాళ్లేనని నేననను. మా దగ్గర మాత్రం వరి కలుపుకు వంగిన మగవాణ్ని నేను చూడలేదు.

అయితే గుర్తుపట్టడం సగం పనే. రెండో సగం, ఉంచాలా వద్దా అన్నది. ఇక్కడ అవ్వకు స్థిరమైన సూత్రాలేమీ లేవు, నేను ఎన్నిసార్లు గుచ్చి అడిగినా ఒక జాబితా ఇవ్వలేదు. మొక్కను బట్టి కాదు, నెలను బట్టి, సాలును బట్టి, ఇంట్లో పొయ్యిని బట్టి మారుతుంది. తోటకూర, గునుగు, చెంచలికూర మూడూ ఒకే కుటుంబం మొక్కలు. లేతప్పుడు అక్కచెల్లెళ్లలా ఉంటాయి. తోటకూర ఆకు కొసన చిన్న నొక్కు ఉంటుంది. గునుగు ఆకు సన్నగా కొసదేరి ఉంటుంది. చెంచలి ఆకు కాడ పొడుగు. మూడూ తినేవే. మొదటి కలుపులో సాలులో ఉన్నవి పీకాల్సిందే, పైరు తిండి తింటాయి. పీకినవాటిలో లేతవి వొళ్లోకి, మిగతావి ఒడ్డు మీదికి. రెండో కలుపుకొచ్చేసరికి అవ్వ చెయ్యి మెత్తబడుతుంది. ఒడ్డు వెంట గునుగు ఉంటే ముట్టదు. తుమ్మి మొక్క నాలుగు ఉంచుతుంది, వినాయక చవితికి తుమ్మికూర కావాలి. గునుగు ఎందుకో చెప్పనక్కర్లేదు. భాద్రపద అమావాస్య నుంచి బతుకమ్మ. తంగేడు బంజరులో తనంతట తాను పూస్తుంది. గునుగు చేనుల్లో, ఆడవాళ్లు పీకగా మిగిలిన చోట పూస్తుంది. ఆషాఢంలో తను పీకిన మొక్కనే ఆశ్వయుజంలో పళ్లెంలో పేర్చి చుట్టూ తిరుగుతుంది. ఇందులో వైరుధ్యం నాకు కనిపించింది, అవ్వకు కనిపించలేదు. "సాల్ల ఉంటె కలుపు, ఒడ్డుకుంటె పువ్వు" అని ఊరుకుంది.

గునుగు మనకే సొంతమని పొంగిపోవద్దు. నైజీరియాలో ఇదే మొక్కను సోకో పేరుతో కూరగా సాగు చేస్తారు. ఉగాండాలో దీనికి స్ట్రైగాను తరిమేది అని పేరు. స్ట్రైగా జొన్న వేళ్ల మీద బతికి పైరును తినేసే మొక్క. గునుగు పక్కన ఉంటే స్ట్రైగా తగ్గుతుందన్న అక్కడి రైతుల మాటను శాస్త్రవేత్తలు పరీక్షించి 2003లో ప్రచురించారు. మా అమ్మమ్మ కాలంలో జొన్న చేలల్లో గునుగును పూర్తిగా పీకేవాళ్లు కాదని అవ్వ అంటుంది. కారణం ఆమెకు తెలీదు. "గట్లనే ఉంచేది" అంటుంది. రెండింటినీ ముడిపెట్టి గొప్పగా చెప్పాలని ఉంది గానీ, ఆధారం లేకుండా చెప్పను.

ఉంచిన మొక్క ఎవరిది అన్న ప్రశ్న దగ్గరే ఇది చరిత్ర అవుతుంది. మా అమ్మమ్మ దొర చెలకలో వెట్టి చేసిన మనిషి. అవ్వ చిన్నప్పుడు ఆమె వెంట పోయేది. పొద్దుగూకి ఇంటికి తిరిగేటప్పుడు గట్టు మీద దొర మనిషి ఒకడు నిలబడి ఆడవాళ్ల చేత వొడి దులిపించేవాడట. వొళ్లో ఉన్నది జొన్న కంకి కాదు, పీకి పారేసిన తోటకూర, చెంచలికూర. చేనులో ఉన్నంతసేపు అది దండగ, కూలి ఇచ్చి తీయించేది. ఆమె వొళ్లో పడగానే అది దొర ఆస్తి! ఇంగ్లండులో 1788లో మేరీ హౌటన్ అనే ఆమె కోత అయిన పొలంలో రాలిన గింజలు ఏరుకుందని కేసు పెడితే, పేదలకు పరిగె ఏరుకునే హక్కు చట్టంలో లేదని కోర్టు తీర్పు చెప్పింది. మా అమ్మమ్మ కేసు ఏ కోర్టుకూ పోలేదు, అందుకే దానికి తేదీ కూడా లేదు.

తేదీ ఉన్నది ఇంకొకటి. 1978 సెప్టెంబర్ 7, జగిత్యాల జైత్రయాత్ర. రైతుకూలీ సంఘాల పిలుపుతో వేలమంది పట్నానికి నడిచారు. వెట్టి రద్దు, కూలిరేట్లు, భూమి ఆ పోరాటపు డిమాండ్లు. ఆ అక్టోబర్‌లోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇదంతా పుస్తకాల్లో ఉంది. "సంగమచ్చినంక వొడి దులుపుడు బందయ్యింది" అన్న అమ్మమ్మ మాట మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆమెకు సంఘం అంటే మొదట గుర్తొచ్చేది అది. కూలి పెరగడం తర్వాత చెప్పేది.

ఆ తర్వాత చెలకలే మారిపోయాయి. శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు, బావులు, బోర్లు వచ్చి జొన్న పోయి వరి, మక్క, పత్తి వచ్చాయి. గునుగు మెట్ట మొక్క, నిలిచిన నీళ్లలో బతకదు. పొలమైన చెలకలో అది తనంతట తానే పోయింది, ఎవరూ పీకలేదు. దాని వెంటే మందు వచ్చింది. వరిలో నాటేసిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు బ్యూటాక్లోర్‌ను ఇసుకలో కలిపి చల్లితే ఊద మొలకే రాదు. మక్కలో వాడే 2,4-డి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పుట్టింది. దాని లెక్కలో మొక్కలు రెండే రకాలు, గడ్డిజాతివి, వెడల్పాకువి. గడ్డిజాతిని వదిలేస్తుంది, వెడల్పాకును చంపుతుంది. తుమ్మి, చెంచలి, పాయిలి, గునుగు, వయ్యారిభామ అన్నీ దానికి ఒకటే. అవ్వ కంట్లో ఉన్న అన్ని తేడాల స్థానంలో ఒకే ఒక్క తేడా మిగిలింది.

నడుములు విరిగే పని పోయినందుకు బాధపడుతున్నానని అనుకోకండి. ఆ పనిలోని జ్ఞానాన్ని కీర్తిస్తూ ఆ పనిలోనే ఆడవాళ్లను ఉండమనడం నాకు అసహ్యం. అవ్వ మోకాళ్లు నేను రోజూ తలుచుకునేవే. నా హాస్టల్ ఫీజులు, పరీక్ష ఫీజులు ఆ వంగిన నడుములోంచే వచ్చాయి. మందు వచ్చాక ఆమెకు వానాకాలపు కూలి రోజులు తగ్గాయి. ఆ డబ్బు ఎటు పోయిందంటే మందు దుకాణానికి పోయింది, మందు కొట్టే మగమనిషి కూలికి పోయింది. పని తేలికయిందని సంతోషించడానికి ఆమెకు సందు దొరకలేదు.

ఈ ప్రశ్నలు పట్టుకుని, ఉపాధ్యాయురాలైన ఒక స్నేహితురాలి వెంట ఆదిలాబాద్ వైపు వెళ్లాను. మైదానపు చేనులో ఏటేటా మొలిచి చచ్చే మొక్కల గురించే నాకు తెలుసు. తనంతట తాను మొలిచినది చెట్టయితే ఆ ఉంచడం అనే నిర్ణయం ఎట్లా ఉంటుందో అక్కడ చూశాను. గోండు గూడేల చేలల్లో నడుమ నడుమ ఇప్పచెట్లు ఉంటాయి. నాటినవి కావు. అడవి కొట్టి చేను చేసినప్పుడు వదిలినవి కొన్ని, తర్వాత మొలిచినవి కొన్ని. ఇంద్రవెల్లి వైపు ఒక గూడెంలో ఒక పెద్దామె చేనుగట్టున మోకాలెత్తు మొక్క ఆకు తుంపి చూపించింది. పాలు కారాయి. "పాలొస్తే ఇప్ప" అంది. పక్కనే తునికి మొక్కలు చూపించి, ఇవి విత్తుకు వచ్చినవి కావు, వేరుకు వచ్చినవి, ఎన్నిసార్లు నరికినా మళ్లీ లేస్తాయి అంది. నరికితే వచ్చే ఆ లేత ఆకే వేసవిలో కట్టలు కట్టి అమ్ముతారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఇళ్లల్లో చాటలు ముందేసుకుని ఆడవాళ్లు చుట్టే బీడీల ఆకు అదే. మా చిన్నమ్మ చేతిలోంచి ఇరవై ఏళ్లుగా పోతున్న ఆకు ఎక్కడిదో నాకు అక్కడ తెలిసింది.

ఇప్పమొక్కను ఉంచడం అంత సులువైన సంగతి కాదు. ఇప్పపూలు ఏరేది ఆడవాళ్లు, ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామునే. వానలప్పుడు గింజలు కూడా ఏరి నూనె తీస్తారు. పువ్వూ గింజా రెండూ ఏరుకుంటే కొత్త మొక్క మొలిచేది తక్కువ. మొలిచిన ఒక్కటి పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది, ఈలోపు దాని నీడ పడ్డ చోట పత్తి పండదు. కాబట్టి ఉంచడమంటే ఆ పంట వదులుకోవడం. "నా కోడలు ఏరుకుంటది" అంది ఆమె. నిర్ణయం ఆమెదేనా అని అడిగితే, మగవాళ్లు నరకబోతే తనే అడ్డం పడ్డానని నవ్వింది.

ఆ చేను ఎవరిదన్న ప్రశ్న మీద 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చాడు. తర్వాత నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పిలిచింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉండి రాజగోండుల మీద రాసిన పుస్తకం 1948లో వచ్చింది. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు హక్కు ఉందని, పట్టా భార్యాభర్తలిద్దరి పేర్న ఉండాలని రాసింది. కాగితం మీద ఇద్దరి పేర్లు పక్కపక్కన చేరడానికి అంత చరిత్ర పట్టింది. ఏ మొక్కను చెట్టు కానివ్వాలో తేల్చేవాళ్ల సంగతి ఆ చట్టంలోనూ లేదు, ఉండదు కూడా.

ఆ గూడెం నుంచి తిరిగి వచ్చేటప్పుడు రోడ్డుకు రెండు పక్కలా రేగడిలో పత్తి. ఎక్కడా ఒక్క గడ్డిపోచ లేదు. గడ్డిమందు కొట్టినా చావని పత్తి విత్తనాన్ని మన దేశంలో ఎవరూ అధికారికంగా అనుమతించలేదు. 2002లో అనుమతి వచ్చింది బీటీ పత్తికి. కానీ ఆ దొంగవిత్తనం ఈ జిల్లాల్లోకి వచ్చి చాలా ఏళ్లయింది. 2018లో తెలంగాణ ప్రభుత్వం గ్లైఫోసేట్ మీద ఆంక్షలు పెట్టింది, 2022లో కేంద్రం కూడా పెట్టింది. చేను మాత్రం మందు కొట్టినట్టే ఉంది. అందులో ఒక తమాషా ఉంది. కిందటేడు రాలిన పత్తి గింజ తనంతట తాను మొలిస్తే, అది ఆ మందుకు చావదు. దాన్ని తీయాలంటే మళ్లీ చెయ్యే కావాలి.

బతుకమ్మకు ఇప్పుడు కరీంనగర్ బజారులో గునుగు కట్టలు అమ్ముతారు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. గునుగుకు ఏ పదవీ రాలేదు. అమ్మే ఆమెను ఎక్కడి నుంచి తెచ్చావని అడిగితే ఎక్కడెక్కడో ఏరుకొచ్చామంది.

ఈ ఏడు నేను పీకలేదు. నోట్‌బుక్‌లో రోజూ రాసుకుంటున్నాను, ఏది ఏ రోజు మొలిచింది, రెండో ఆకు ఎట్లా ఉంది, అవ్వ ఏమంది. రికార్డర్ కూడా ఆపడం లేదు, ఆమె గిన్నెలు తోముతూ గొణుక్కున్నా అందులో ఉంటుంది. పోయిన వారం అవ్వ వచ్చినప్పుడు గోడ పక్క మొక్క ఒకటి చూపించాను. వంగి చూసి "తోటకూర" అంది. నేను దగ్గరికి పోయి ఆకు కొస చూశాను. నొక్కు లేదు. సన్నగా కొసదేరి ఉంది. ఇంకో ఆకు చూశాను, అదీ అంతే. ఆమెకు ఒక కంట్లో పొర తీశారు, రెండోది ఇంకా ఉంది.

"అవ్వా, గునుగేమో?" అన్నాను.

మళ్లీ వంగింది. ఈసారి చూడలేదు, ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టి కొస దాకా జార్చింది. కాసేపు ఏమీ అనలేదు.

"ఉండనీ. మల్ల అచ్చినప్పుడు సూస్త. ముట్టకు."

ముట్టలేదు. భాద్రపదానికి ఇంకా నెల ఉంది.